ట్రస్టీల తరఫున చెప్పేదేమీ లేదు

ఐర్లండులో షానన్ ఫ్రీ జోన్ అనే పారిశ్రామికవాడలో నేను పనిచేసే ఆఫీసుకి రోజూ పొద్దున పదింటికి పోస్టు వస్తుంది. ఇప్పుడు అన్నీ ఈమెయిల్‌లోనే నడుస్తున్నా కోర్టు కాగితాలు మాత్రం ఇంకా కవర్లలోనే వస్తున్నాయి. వాటిని చూసే పని పదేళ్ళుగా నాది.

మా కంపెనీ పెన్షన్లు ఇచ్చేది కాదు, పెన్షన్ల కాగితాలు చూసేది. ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి జీతంలోంచి కొంత, యజమాని కొంత వేసిన సొమ్ము యజమాని చేతిలో ఉండకూడదని ట్రస్టీల పేరున విడిగా పెడతారు. ఆ ట్రస్టీల తరఫున ఉత్తరాలు రాయడం, ఫోన్లు ఎత్తడం, ఎవరు రిటైరయ్యారో, ఎవరు పోయారో రాసిపెట్టడం మా పని. నేను ఒంగోలులో బీకాం చదివి, హైదరాబాదులో ఒక బీమా ఆఫీసులో నాలుగేళ్ళు చేసి, పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం వెంట షానన్‌కి దగ్గర్లోని లిమరిక్ వచ్చాను. రెండేళ్ళు ఇంట్లో కూర్చున్న తర్వాత ఈ పని దొరికింది. దాన్ని పోగొట్టుకోకూడదన్న భయం మొదటి రోజు నుంచే ఉండేది. జరిగినదానిలో ఆ భయానికి కూడా వాటా ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

చేరిన రెండో నెలలో ఒక విడాకుల నోటీసు నా టేబుల్ మీదికి వచ్చింది. భార్యాభర్తల కేసులో మా ట్రస్టీల పేరు ఎందుకుందో నాకు అర్థం కాలేదు. మా టీమ్ లీడర్‌ని అడిగాను. ఆవిడ ఇక్కడే, క్లేర్ జిల్లాలోని ఒక పాడి రైతు కుటుంబంలో పుట్టిన మనిషి. యాభై దాటిన వయసు, గట్టిగా మాట్లాడటం ఎప్పుడూ వినలేదు.

"ఇల్లుంటే వాళ్ళే పంచుకుంటారు. పెన్షన్ వాళ్ళ చేతిలో ఉండదు కదా, ట్రస్టీల దగ్గర ఉంటుంది" అందావిడ. "ఇందులో ఇంత భాగం భార్యకు ఇవ్వండి అని జడ్జి ఆర్డరు వేస్తే అది పాటించాల్సింది ట్రస్టీలు. అందుకని ముందే వాళ్ళకి నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం ఉంటే కోర్టుకి వచ్చి చెప్పుకోవచ్చు."

"మనవాళ్ళు వెళ్తారా?"

"నేనొచ్చాక ఒక్కసారీ వెళ్ళలేదు. ట్రస్టీల తరఫున చెప్పేదేమీ లేదని ఉత్తరం రాస్తాం. అంతే, గ్రాండ్." ఇక్కడివాళ్ళకి అంతా సరిగ్గానే ఉందనడానికి ఆ ఒక్క మాట చాలు.

ఆ ఉత్తరం కంప్యూటర్లో సిద్ధంగా ఉండేది. పేర్లు, తేదీలు మార్చి పంపడమే. ఎన్నో పంపాను. ప్రతి నోటీసులోనూ పెళ్ళయిన తేదీ ఒకటి, విడిగా ఉంటున్న తేదీ ఒకటి ఉంటాయి. మొదట్లో ఆ రెంటి మధ్యా ఎన్నేళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టుకునేదాన్ని. తర్వాత మానేశాను.

అయిదో ఏట ఒక నోటీసు వచ్చింది. ఇంటిపేరు చూడగానే మనవాళ్ళని తెలిసిపోయింది. పెళ్ళి కరీంనగర్‌లో జరిగింది. భర్త షానన్‌లోనే ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఇంజనీరు. భార్య ఉద్యోగం ఎదురుగా గృహిణి అన్నది కొట్టేసి, పసిపిల్లల్ని చూసే క్రెష్‌లో ఆయా అని పెన్నుతో రాసి ఉంది. ఒక్కతే కూతురు. భార్యకు వకీలు, డబ్బు లేనివాళ్ళకి సర్కారు లీగల్ ఎయిడ్ కింద పెట్టే సొలిసిటర్.

నేను వెళ్ళి టీమ్ లీడర్‌కి చెప్పాను, వీళ్ళు మా భాషవాళ్ళని.

"నీకు తెలుసా వాళ్ళు?"

"తెలియదు."

"అయితే గ్రాండ్" అని ఆవిడ మళ్ళీ తన స్క్రీన్ వైపు తిరిగింది. నేను చెప్పేదేమీ లేదన్న ఉత్తరం తయారుచేసి పంపేశాను.

రెండు వారాల తర్వాత ఆ భార్య ఫోన్ చేసింది. మా లైనులో మాట్లాడే ప్రతి మాటా రికార్డవుతుంది, ఇంగ్లీషులోనే మాట్లాడాలని నియమం. నేను నా పేరు చెప్పి, ఏం కావాలని అడిగాను. అవతల గొంతు ఒక్కసారిగా తేలికపడింది.

"మేడం, మీరు తెలుగోల్లా? అయ్యో, ఎంత మంచిగైంది! నాకు ఈ ఇంగ్లీష్ కాయిదాలు సమజ్ గావు మేడం. బిడ్డను అడిగితే మమ్మీ ఐ డోంట్ నో అంటది. మీరు జెర తెలుగుల చెప్పరాదుండ్రి."

నాకు నోట్లోంచి తెలుగు రాబోయింది. మింగేసి, ఈ లైనులో ఇంగ్లీషులో మాత్రమే మాట్లాడగలను, క్షమించండి అని ఇంగ్లీషులోనే చెప్పాను.

"మీకు తెలుగు రాదా?"

వచ్చు అనీ అనలేదు, రాదు అనీ అనలేదు. అదే వాక్యం రెండోసారి చెప్పాను. ఆమె నెమ్మదిగా, ఒక్కో ఇంగ్లీషు ముక్కా ఏరుకుంటూ అడిగింది, సొలిసిటర్ ఏదో విలువ కాగితం కావాలంటోందని. ఏ ఫారం పంపాలో చెప్పాను. థాంక్యూ మేడం అని పెట్టేసింది. ఆ రోజు మధ్యాహ్నం డబ్బా తెరిస్తే అన్నం తినబుద్ధి కాలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పాను.

"నీ ఉద్యోగం నియమం అది. నువ్వేం చేస్తావ్?" అన్నారు.

"తెలుగొచ్చని చెప్పినా బాగుండేది కదండీ."

"చెప్తే రోజూ చేస్తుంది. అప్పుడేం చేస్తావ్?" అన్నారు. అదీ నిజమే అనిపించింది. నిజమే అనిపించడం నాకు హాయిగా కూడా ఉంది.

విడాకులు వచ్చాయని చాలా కాలం వరకు మాకు తెలియలేదు. డిక్రీ అయ్యాక తొమ్మిది నెలలకు గానీ ఆర్డరు కాపీ మాకు అందలేదు. కోర్టు ఆఫీసులో ఆలస్యమో, సొలిసిటర్ మారడమో, ఇలా జరగడం కొత్త కాదు. ఆర్డరు విప్పి చదివాను. భర్త రిటైరైనప్పుడు వచ్చే పెన్షన్‌లో ఆమెకు ఒక భాగం రాశారు. పెళ్ళి నాటి నుంచి డిక్రీ నాటి వరకు అతను పనిచేసిన కాలం ఎంతో, అందులో ఆమెకు ఎంతో అన్నీ సరిగ్గా ఉన్నాయి. పేజీ తిప్పాను. వెనక ఏమీ లేదు.

ఇలాంటి ఆర్డర్లలో రెండో భాగం ఒకటి ఉంటుంది. మనిషి రిటైరయ్యేలోపే, ఉద్యోగంలో ఉండగానే పోతే భార్యకు రావలసిన పెన్షన్ సంగతి అందులో రాస్తారు. భార్యగా ఉన్నంతకాలం అది దానంతటదే వస్తుంది. విడాకులతో ఆ హక్కు పోతుంది. కావాలంటే జడ్జిని విడిగా అడగాలి, అదీ డిక్రీ అయిన ఏడాదిలోపే అడగాలి. ఆ గడువు దాటితే ఇక అడగడానికి లేదు. ఆమె తరఫున ఎవరూ అడగలేదు. మరిచిపోయారో, అక్కర్లేదనుకున్నారో, భర్తతో ఏదైనా ఒప్పందమో, నాకు తెలియదు. గడువు ఇంకా మూడు నెలలుంది.

ఆర్డరు అందిందనీ, మీ భాగం విలువ ఇదనీ మేము ఆమెకు ఉత్తరం పంపాం. ఆ ఉత్తరం పట్టుకుని ఆమె ఫోన్ చేసింది. ఈసారి కూడా నేనే ఎత్తాను. నా పేరు వినగానే గుర్తుపట్టింది.

"మేడం, మీరు ఇంగ్లీష్లనే మాట్లాడుండ్రి, పరవాలేదు. నేను తెలుగుల అడుగుత, మీరు ఇంగ్లీష్ల చెప్పుండ్రి" అంది. తను చేసిన ఏర్పాటుకి తనే చిన్నగా నవ్వుకుంది. "మీ కాయిదం అచ్చింది. అంత మంచిగనే ఉన్నదా? ఇగ నేను చేసేది ఏమన్న మిగిలిందా? ఒక్కసారి చూసి చెప్పున్రి."

ఆర్డరు నా ఎదురుగా స్క్రీన్ మీదే ఉంది.

ఆర్డరు అందింది, దాని ప్రకారం నమోదు చేశాం అన్నాను ఇంగ్లీషులో. ఇంకేమైనా సలహా కావాలంటే మీ సొలిసిటర్‌ని అడగండి అన్నాను.

"ఆమె నా ఫైల్ బంద్ చేసింది మేడం. మల్ల లీగల్ ఎయిడ్ కావాల్నంటే మొదటి సంది దరఖాస్తు పెట్టాల్నట. ఏమన్న అవసరముంటేనే పెడత. అవసరమున్నదా?"

మేము సలహా ఇవ్వడానికి వీల్లేదు అన్నాను.

"అంటే లేనట్టేనా?"

మీ సొలిసిటర్‌ని అడగండి అన్నాను మళ్ళీ.

"సరే మేడం. ఏమన్న ఉంటే మీరు చెప్తరు గదా" అంటూ పెట్టేసింది. మనవాళ్ళు కాబట్టి చెప్తారని ఆమె నమ్మకం. ఆ మాట తర్వాత చాలా రోజులు నా చెవుల్లో మోగింది.

ఫోన్ పెట్టగానే టీమ్ లీడర్ దగ్గరికి వెళ్ళాను. ఇలా రెండో భాగం లేదు, గడువు మూడు నెలలే ఉంది, ఆమెకు ఒక్క వాక్యం రాయొచ్చా అని అడిగాను. ఆవిడ ఆర్డరు చదివింది, కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టింది.

"రాయకూడదు" అంది. "భర్త కూడా మన మెంబరే కదా. నువ్వు నా భార్యకు దారి చూపించావు, నాకు నష్టం చేశావు అని రేపు ఆయన ట్రస్టీల మీదికి వస్తే ఏం చెప్తాం? మనం ఇద్దరి మధ్యా ఉన్నాం. ఎవరివైపూ కాదు."

"ఆమెకు తెలియదు."

"నాకు అర్థమవుతోంది, లవ్" అంది, మనం అమ్మా అన్నట్టు ఇక్కడి పెద్దవాళ్ళు వాడే మాటతో. "ఆమెకు సొలిసిటర్ ఉంది. అది ఆ సొలిసిటర్ పని."

ఆవిడ తప్పు మాట్లాడలేదు. ఆ మూడు నెలల్లోనే భర్త కూడా ఒకసారి ఫోన్ చేశాడు. మర్యాదైన మనిషి, మెల్లగా ఇంగ్లీషులో మాట్లాడాడు. నా పేరు విని కూడా తెలుగులోకి రాలేదు. తనకేమైనా అయితే వచ్చే మొత్తం ఎవరికి వెళ్ళాలో రాసే ఫారంలో భార్య పేరు తీసి ఊళ్ళో ఉన్న తమ్ముడి పేరు పెట్టాలన్నాడు. ఏ ఫారమో, ఎక్కడ సంతకమో, సాక్షి ఎవరుండాలో అన్నీ వివరంగా చెప్పాను. మెంబరుకు చెప్పడం మా బాధ్యత. ఆయనకి పావుగంట చెప్పాను, ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. రెండూ నియమం ప్రకారమే.

ఆఫీసు బయట చెప్పే దారి లేకపోలేదు. లిమరిక్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రెండు వందల మందికి పైగా ఉన్నాం. ఒకరోజు భోజనం వేళ కారులో కూర్చుని వెతికితే ఆమె నంబరు దొరికింది. ఫొటో స్థానంలో గులాబీ పువ్వు. ఎవరో కరివేపాకు ఎక్కడ దొరుకుతుందని అడిగితే ఆమె జవాబు రాసింది, ఫలానా కొట్లో శుక్రవారం వస్తది, పొద్దుగాలనే పోండ్రి అని. నంబరు మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. వాన అద్దం మీద అడ్డంగా కొడుతోంది. మా పౌరసత్వం దరఖాస్తు అప్పటికి పెండింగులో ఉంది. ఫైలులో ఉన్న సంగతి బయట చెబితే ఉద్యోగం పోతుంది. పోయిన కారణం కూడా కాగితం మీదికి ఎక్కుతుంది. పేరు చెప్పకుండా చేయొచ్చా అనుకున్నాను. నా గొంతు ఆమెకు తెలుసు. ఇంకెవరి చేతనైనా చెప్పించొచ్చా అనుకున్నాను. ఆ ఇంకెవరో మా ఆయనే, ఆయన ఒప్పుకోరు. ఇలా ఒక్కో దారీ నేనే మూసుకుంటూ వచ్చి, భోజనం వేళ అయిపోయిందని లోపలికి వెళ్ళిపోయాను.

మళ్ళీ ఆ నంబరు తెరవలేదు. గడువు తేదీ ఒక మంగళవారం. ఆ రోజు నేను మామూలుగానే పనిచేశాను.

తర్వాత రెండు నెలలకు ఆమె మాజీ భర్త పోయాడు. షిఫ్టు అయ్యాక ఫ్యాక్టరీ కారు పార్కులో కుప్పకూలిపోయాడట. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయిందన్నారు. యాభై ఏళ్ళు కూడా లేవు. పొద్దున ఫ్యాక్టరీ నుంచి మాకు ఈమెయిల్ వచ్చింది. మధ్యాహ్నానికి వాట్సాప్ గ్రూపులోనూ వచ్చింది, మన తెలుగాయన ఒకరు చనిపోయారు, ఇక్కడ బంధువులెవరూ లేరు, వీలున్నవాళ్ళందరూ రండి అని. మా ఆయన చూసి, "మనం వెళ్ళాలి" అన్నారు. నేను ఆయనకు ఆ మనిషి పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు. సరే అన్నాను.

షానన్‌లో దహనవాటిక ఉంది. దానికి ముందు ఒక హాలులో శవపేటికను గంటసేపు ఉంచారు. తెలుగువాళ్ళు ముప్పై నలభై మంది వచ్చారు. ఫ్యాక్టరీ నుంచి ఐరిష్ వాళ్ళు కూడా చాలామంది వచ్చి, నల్ల టైలు కట్టుకుని వరసగా నిలబడ్డారు. తమ్ముడికి వీసా దొరకలేదు. ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకుంటే అందులోంచి చూస్తూ ఏడుస్తున్నాడు. పద్దెనిమిదేళ్ళ కూతురు చేత ఒక పెద్దాయన మంత్రాలు చెప్పిస్తున్నాడు. ఆయన చెప్పింది ఆ పిల్ల నోట ఐరిష్ యాసలో వస్తోంది.

ఆమె వెనక గోడ దగ్గర నిలబడి ఉంది. గొంతు తప్ప మనిషిని చూడటం నాకదే మొదటిసారి. పొట్టిగా, సన్నగా, నల్ల కోటు గుండీలు పైదాకా పెట్టుకుని ఉంది. భార్య అని ముందుకి రమ్మనాలా, వద్దా అన్నది ఎవరికీ తేలలేదు. ఒకావిడ వెళ్ళి చెయ్యి పట్టుకుని పిలిస్తే తల అడ్డంగా ఊపింది. "నాకేం హక్కున్నది వదినా" అంది, ఏడవకుండానే. కానీ పేటికను లోపలికి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం రెండడుగులు ముందుకు వేసి ఆగిపోయింది.

టీ పోసేవాళ్ళలో నన్ను కూడా నిలబెట్టారు. తప్పించుకోలేక ఒక కప్పు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను.

"అక్కా, కొంచెం టీ తాగండి" అన్నాను.

కప్పు అందుకోబోయి ఆగింది. నా మొహం వైపు చూసింది.

"నీ గొంతు నేనెక్కడ్నో విన్న."

నేను కప్పు ఇంకొంచెం ముందుకు చాపాను.

"షానన్ల పెన్షన్ ఆఫీసు గదా. నువ్వే గదా." ఆమె గొంతులో కోపం లేదు. ఆశ్చర్యం ఉంది. "తెలుగు మంచిగనే మాట్లాడుతున్నవ్ గద, చెల్లె."

"అక్కడ ఇంగ్లీషే మాట్లాడాలక్కా. రికార్డు చేస్తారు."

"అట్లనా" అంది. టీ తీసుకుంది. "ఆఫీసుల్ల అట్లనే ఉంటది." అంటూ నన్నే ఓదార్చినట్టు నా మోచెయ్యి మీద చెయ్యి వేసింది. కప్పులు కడగాలని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను.

పది రోజుల తర్వాత ఫోన్ చేసింది. ఈసారి నా పేరు చెప్పి, నాతోనే మాట్లాడాలని అడిగింది. క్లెయిము గురించి. తనకు ఏమొస్తుందో, ఏ కాగితాలు పంపాలో చెప్పమంది, తెలుగులోనే.

ముందు ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. ఆర్డరులో మీకు రాసిన భాగం విలువ మీకు ఇస్తారు, మీ అమ్మాయికి చదువు పూర్తయ్యేవరకు పిల్లల పెన్షన్ వస్తుంది అన్నాను.

"మరి భార్యకు అచ్చేది?"

అప్పుడు ఏమైందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. లైను రికార్డవుతోందని తెలుసు. తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. భార్యకు వచ్చేది రాదక్కా అన్నాను. విడాకులతో అది పోతుందనీ, కావాలంటే ఏడాదిలోపు జడ్జిని విడిగా అడగాల్సిందనీ, మీ తరఫున ఎవరూ అడగలేదనీ చెప్పాను. అడిగితే జడ్జి ఇచ్చేవారో లేదో కూడా తెలియదు, కానీ అడిగే గడువు మాత్రం అప్పుడు ఇంకా ఉంది అని చెప్పాను.

వెనక ఎక్కడో చిన్నపిల్లలు అరుస్తున్నారు, క్రెష్‌లోంచి చేస్తున్నట్టుంది. తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"అప్పుడంటే ఎప్పుడు?"

"మీరు రెండోసారి ఫోన్ చేసినప్పుడు. ఇంకా మూడు నెలలుంది."

"నేను అడిగిన గదా నిన్ను. ఏమన్న మిగిలిందా అని అడిగిన."

"అడిగారు."

"అప్పుడు నీకు తెల్సా?"

"తెలుసక్కా."

"తెల్సి చెప్పలే."

"చెప్పలేదు."

ఆమె చాలా మెల్లగా అడిగింది.

"మరి ఇప్పుడెందుకు చెప్తున్నవ్? ఇప్పుడు నాకు దీనితోని ఏం పని? నీ పానం తేలికైతదనా?"

క్షమించమని అడగబోయాను. ఆమె అడగనివ్వలేదు.

"ఇంగ్లీష్లనే చెప్పున్రి మేడం. ఏ కాయిదాలు పంపాల్నో చెప్పున్రి, రాసుకుంట."

చెల్లె అన్న మనిషి మళ్ళీ మేడం అంది. నేను ఇంగ్లీషులోకి మారి, మరణ ధ్రువపత్రం, అమ్మాయి జన్మ ధ్రువపత్రం, కాలేజీ ఉత్తరం, బ్యాంకు వివరాలు, ఒక్కొక్కటే చెప్పాను. ఆమె ఒక్కొక్కటే తిరిగి నాకు చదివి వినిపించింది. ఒక్క తప్పు కూడా లేదు.

ఆ సాయంత్రమే టీమ్ లీడర్‌కి అంతా చెప్పేశాను, అంత్యక్రియలకు వెళ్ళిన సంగతితో సహా. ఆవిడ చాలాసేపు విన్నది. రికార్డింగును అనువాదానికి పంపారు. నాకు లిఖితపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు, ఆ క్లెయిము వేరే అతనికి అప్పగించారు. ఉద్యోగం పోలేదు. నేనంత భయపడింది ఇంతకేనా అనిపించింది. ఆ మాట కారులో ఇంటికెళ్తూ పైకే అనుకున్నాను. షానన్ నుంచి లిమరిక్ దాకా ఏడుస్తూనే ఉన్నాను.

మా ఆయనకి అప్పుడు మొదటి నుంచీ చెప్పాను. ఆయన టీవీ ఆపేసి కూర్చున్నారు.

"నాకు ముందే చెప్పుంటే..." అన్నారు.

"చెప్తే మీరు ఫోన్ చేసేవారా?"

ఆయన ఆలోచించారు. అబద్ధం చెప్పే మనిషి కాదు. "చేసేవాణ్ణి కాదేమో" అన్నారు. ఆ రోజు నుంచి మా మధ్య ఒక విషయం ఇద్దరికీ తెలిసినట్టుగా ఉంది. దాని గురించి మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. మరుసటి ఏడు పౌరసత్వం వచ్చింది. ప్రమాణం చేసి వచ్చి హోటల్లో భోజనం చేశాం. మా పాప జెండా ఊపుతూ ఫొటోలు తీయించుకుంది. ఆ ఫొటోల్లో నేను నవ్వుతూనే ఉన్నాను.

అతను పోయినందుకు ఒకేసారి వచ్చే మొత్తం ఎవరికివ్వాలన్నది, ఫారంలో ఎవరి పేరున్నా, చివరికి ట్రస్టీల నిర్ణయం. కూతురికి కొంత, తమ్ముడికి కొంత ఇచ్చారని తర్వాత తెలిసింది. మాజీ భార్యను ఆధారపడిన మనిషిగా లెక్కించలేమన్నారు. ఆమెకు ఆర్డరులో ఉన్న భాగం విలువ మాత్రం వచ్చింది. అప్పీలు చేయలేదు. క్రెష్‌లో పూర్తి రోజులు చేస్తోందని, వారాంతాల్లో ఒక నర్సింగ్ హోములో వంటగదిలో కూడా పనిచేస్తోందని గ్రూపులో ఎవరో అనగా విన్నాను. కొన్నాళ్ళకు ఆమె గ్రూపులోంచి వెళ్ళిపోయింది. గులాబీ పువ్వు పక్కన వెళ్ళిపోయారు అని ఒక వాక్యం కనిపించింది, దాని కింద ఎవరో బిర్యానీ ఆర్డర్ల గురించి రాశారు.

విడాకుల ఆర్డరు అందినప్పుడు పంపే ఉత్తరంలో ఒక వాక్యం చేర్చమని నేను అడిగాను. గడువు ఉన్న ఇతర ఆర్డర్లు ఉండవచ్చు, మీ సొలిసిటర్‌ని సంప్రదించండి అని. ఇద్దరికీ ఒకే ఉత్తరం వెళ్తుంది కాబట్టి ఎవరివైపూ కానట్టే కదా అన్నాను. వకీళ్ళు చూడటానికి ఎనిమిది నెలలు పట్టింది. చివరికి ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ వాక్యం రెండో పేజీ కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఇంత తేలికైన పని ఆ మూడు నెలల్లో ఎందుకు తోచలేదని నన్ను నేను అడుగుతుంటాను. తోచింది. ఒక్కసారి అడిగి, కాదనగానే ఊరుకున్నాను.

కూతురు డబ్లిన్‌లో టాలా వైపు కాలేజీలో చేరింది. చదువుతున్నట్టు ఏటా సెప్టెంబరులో కాలేజీ ఉత్తరం పంపాలి, అప్పుడే పిల్లల పెన్షన్ ఆగకుండా వస్తుంది. ఆ ఈమెయిళ్ళు అందరం చూసే ఇన్‌బాక్సులోకి వస్తాయి. మొదటి ఏడాది వచ్చినప్పుడు నేనే తెరిచాను. వేరే వాళ్ళకి ఇచ్చేయొచ్చు, ఇవ్వలేదు. ఉత్తరం జతచేసి ఉంది. కింద ఒకే ఒక్క వాక్యం, ఇక్కడి పిల్లలందరూ రాసేట్టే, థాంక్స్ ఎ మిలియన్ అని. నేనెవరో ఆ పిల్లకి తెలియదు. అంత్యక్రియల్లో ఎవరో టీ ఇచ్చిన ఆంటీ అని కూడా గుర్తుండకపోవచ్చు. అందింది, నమోదు చేశాం అని జవాబు రాశాను.

మూడేళ్ళుగా అలాగే రాస్తున్నాను. నిరుడు ఆ పిల్ల ఉత్తరం రావడం కొంచెం ఆలస్యమైతే గడువుకి పది రోజుల ముందే నేను గుర్తుచేస్తూ ఈమెయిల్ పంపాను. పిల్లల పెన్షన్ విషయంలో అలా గుర్తుచేయడానికి నియమం ఒప్పుకుంటుంది. వచ్చే వేసవితో ఆ అమ్మాయి చదువు అయిపోతుంది. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళ నుంచి మాకు ఏ కాగితమూ రావలసిన పని ఉండదు.